జత తప్పిన కత్తెరలు

"మూసేస్తానంటే మూసేస్తాను. ఎవరి అనుమతీ నాకక్కర్లేదు!" అంటూ పెద్దతమ్ముడు భోజనాలబల్ల మీదున్న అట్టపెట్టెను అరచేత్తో చరిచాడు.

పెట్టెలో కత్తెరలు గలగలమన్నాయి. సముద్రం దాటి వెళ్లి, ఎవరికీ అక్కర్లేక నిన్న మధ్యాహ్నం తిరిగొచ్చిన సరుకులో అదొక పెట్టె. మిగతావన్నీ గోదాములో పడున్నాయి. ఈ ఒక్కదాన్నీ ఇంటికి మోసుకొచ్చింది తమ్ముడి మొహాన పెట్టడానికే.

"అనుమతి సంగతి నేనెత్తలేదన్నయ్యా. నా షెడ్డు మూయడానికి కారణం చెప్పమన్నాను," అన్నాడు చిన్నతమ్ముడు.

"కారణం ఈ పెట్టెలో ఉంది చూసుకో. వంటింటి కత్తెర అన్నాక విప్పుకుని కడుక్కుంటారు. కడిగి మళ్లీ బిగిస్తే కాగితం కూడా తెగట్లేదట. ఈ ఆర్డరుకు సరుకు చాలకపోతే కొంత నీ చిన్న షెడ్డులో చేయించాను చూడు, అదీ నా బుద్ధితక్కువ పని!"

"నువ్విచ్చిన కొలత గేజీతోనే చేయించాను. గేజీలో దూరని ఒక్క కత్తెర రెక్కనీ బిగించనివ్వలేదు."

"చేయించావులే. అక్క చెవిన పడకుండా పెట్టెల్లోకెక్కిన సరుకు అదొక్కటే. ఇక వేరే సాక్ష్యం కావాలా?"

ఆ మాటకు ఇద్దరూ అక్కవైపు చూశారు.

అక్క బల్ల చివర కూర్చుని చల్లారిపోయిన కాఫీని కలుపుతోంది. తండ్రి పోయినప్పటినుంచీ ఆ ఇంటికి పెద్ద ఆవిడే. పెళ్లి మాట ఎత్తినవాళ్లను ఎత్తినచోటే దింపేసి, పెద్ద షెడ్డులో తనిఖీ బల్ల దగ్గర స్థిరపడిపోయింది. ప్రతి కత్తెరనూ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తెరిచి మూస్తుంది. చప్పుడు నచ్చితే పెట్టెలోకి. నచ్చకపోతే "మళ్లీ" అంటుంది, అంతే, కత్తెర వెనక్కి వెళుతుంది. పనివాళ్లు చాటుగా ఆమెను "మళ్లీ అమ్మగారు" అంటారు. ఆ సంగతి తెలిసి కూడా ఆమె ఎప్పుడూ కోప్పడలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వపడింది కూడా.

"నా షెడ్డులో ఒక మనిషి చేసే పనిలో నీ షెడ్డులో మనిషి సగం కూడా చెయ్యడు," పెద్దతమ్ముడు మళ్లీ అందుకున్నాడు. "అదే ఇనుము, అదే కత్తెర. ఎందుకంటావు?"

జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. చిన్నమరదలు గరిటె చేత్తోనే నిలబడి ఉంది.

"ఎందుకో నేను చెప్తాను బావగారూ. సానపట్టడంలో చెయ్యి తిరిగినవాళ్లందర్నీ మీ షెడ్డుకి లాక్కుపోయారు. కొత్త యంత్రాలు అక్కడే, కొత్త దీపాలూ అక్కడే. మాకు మిగిలినవి మూలిగే మోటార్లూ, చూపానని ముసలాళ్లూనూ. బలమున్న ఎడ్లన్నిట్నీ ఒక బండికి కట్టుకుని, రెండో బండి నడవట్లేదని కొరడా ఝళిపిస్తే ఎలా?"

"మగాళ్ల మాటల్లో నువ్వెందుకమ్మా?" అంది పెద్దమరదలు, అవతల గదిలోంచి. పేపరు చదువుతున్నట్టు నటిస్తోంది గాని పేజీ తిప్పి చాలాసేపైంది.

"షెడ్డు మూస్తే మూతపడేది మా పొయ్యే గనక, అక్కా," అంది చిన్నమరదలు తోడికోడలితో.

పెద్దతమ్ముడు మొహం ఎర్రబడింది. "బయటి దేశాలవాళ్లకు అమ్మడం మొదలుపెట్టాకే మనం మనుషులమయ్యాం. అంతకుముందు ఎవడికి నచ్చినట్టు వాడు చేసేవాడు, ఎప్పటికి అయితే అప్పటికి. సరుకు ఒకేలా ఉండాలని నేర్పింది వాళ్లు. బల్లలెక్కడుండాలో నేర్పింది వాళ్లు."

"మనం బాగా చేసేవాళ్లం గనకే వాళ్లు మన గుమ్మం తొక్కారన్నయ్యా. ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అన్నారా?"

"రచ్చ గెలిచాకేరా ఈ ఇంటి కప్పు కారడం ఆగింది!"

అక్కకు ఇద్దరి మాటలూ సగం సగం నిజమనిపించాయి. సగం నిజాలు మోసేవాళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి శాంతి ఉండదు.

"మధ్యాహ్నం కొనేవాళ్ల ఏజెంటు వస్తున్నాడు," పెద్దతమ్ముడు లేచాడు. "తప్పు చిన్న షెడ్డులో జరిగిందని చెప్తాను. ఆయన కళ్లముందే దానికి తాళం వేస్తాను. ఊళ్లో దుకాణం నీకిస్తాను. హాయిగా నీడపట్టున కూర్చుని అమ్ముకో."

"నేను అమ్మేవాణ్ణి కాదన్నయ్యా. చేసేవాణ్ణి," అని చిన్నతమ్ముడు అక్కవైపు తిరిగాడు. "నువ్వైనా ఒక మాట చెప్పక్కా."

"సరుకు చూడకుండా నేనేం చెప్తాన్రా?"

చిన్నమరదలు గరిటెను చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టింది. "వదినగారి చెవికి కత్తెరల చప్పుడు తప్ప ఇంట్లో ఏడుపులు వినబడవులెండి."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అక్క కాఫీ వదిలేసి, బల్ల మీది పెట్టె చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

* * *

పెద్ద షెడ్డులో అప్పటికే సానరాళ్లు తిరుగుతున్నాయి. ప్రతి బల్ల మీదా ఒక దీపం, ప్రతి దీపం కింద దారానికి వేలాడే ఒక ఉక్కు గేజీ. కత్తెరలో ఒక్కో సగాన్ని ఇక్కడ రెక్క అంటారు. గేజీలో సరిగ్గా దూరిన ఏ ఎడమ రెక్కైనా, ఏ కుడి రెక్కతోనైనా జతకట్టాలి. కొనేవాళ్లు పెట్టిన మొదటి షరతు అది.

ఆ షరతు విన్న రోజుల్లో అక్క ఎంత నవ్విందో! తండ్రి కాలంలో ప్రతి రెక్కనూ దాని జతకోసమే రాచేవారు. ఒకదానికొకటి కుదిరేదాకా మేస్త్రీ బల్ల దిగేవాడు కాదు. "ఎవరికైనా సరిపోయేది ఎవరికీ సరిపోదు," అని ఆమె పెద్దతమ్ముడి మొహం మీదే అంది. వాళ్లు వచ్చి బల్లలు జరిపించినప్పుడు కూడా సామాను సర్దడానికి సముద్రాలు దాటి రావాలా అని వెక్కిరించింది. తీరా జరిపాక, అవే చేతులు అంతకు రెట్టింపు పని చేశాయి. ఆ మాట మాత్రం ఎవరిముందూ ఒప్పుకోలేదు.

తనిఖీ బల్ల మీద పెట్టె విప్పింది. చిన్నవాడి తప్పైతే తప్పని చెప్పేద్దాం, కాకపోతే కాదని చెప్పేద్దాం అనుకుంది. తన మీద తనకు అంత నమ్మకం.

రెండు కత్తెరలు తీసి, రెక్కలు విడదీసి, అటుదిటూ ఇటుదటూ మార్చి బిగించింది. గుడ్డ పేలిక తెచ్చి కోసింది. గుడ్డ తెగలేదు. మడతపడి రెక్కల మధ్య నలిగింది.

మరో రెండు తీసింది. అదే తంతు.

అప్పుడు రెక్కల మొదట్లో ముద్ర చూసింది. చిన్న షెడ్డులో చేసినవాటికి మర మేకు పక్కన ఒక చుక్క కొడతారు. తండ్రి పెట్టిన అలవాటది. తను కోసి చూసిన నాలుగింటిలో ఒక్కదానికీ చుక్క లేదు. ఆత్రంగా పెట్టెంతా వెతికి, చుక్క ఉన్నవి రెండు పట్టుకుంది. అవీ విప్పింది, మార్చింది, బిగించింది.

గుడ్డ సర్రున తెగింది.

చప్పుడు మొద్దుగా ఉంది. తన బల్ల దగ్గరికి వచ్చి ఉంటే "మళ్లీ" అని వెనక్కి పంపి ఉండేది. కాని తెగింది. ఇంకోసారి కోసింది. ఇంకోసారీ తెగింది.

అక్క ఆ కత్తెర బల్ల మీద పెట్టేసింది. పక్క బల్ల దగ్గర ఆకురాయితో రెక్కలు అరగదీస్తున్న ముసలి మేస్త్రీని పిలిచింది. అందరూ ఆయనను ఆకురాయి తాత అంటారు. ఆకురాయి ఆయన చేతిలో లేకుండా చూసినవాళ్లు లేరు.

"తాతా, గేజీ దాటిన రెక్కల్ని మళ్లీ ఆకురాయితో ముట్టుకుంటున్నావా?"

"ముట్టుకోకపోతే ఎలాగమ్మా?"

"ఎవరు ముట్టుకోమన్నారు?"

తాత ఆమెను వింతగా చూశాడు. "మీరే కదమ్మా. గేజీ సరేనన్నా మీ చెవి సరేననదు. మీరు 'మళ్లీ' అని పంపిస్తారు. నేనూ మావాళ్లూ ఆ రెక్కని దాని జతకు తగ్గట్టు రాచి పంపిస్తాం. అప్పుడు మీరు తలూపుతారు. ఎప్పట్నించో అంతేగా?"

"గేజీ దాటాక రాస్తే, అది ఆ జతకే పనికొస్తుంది, వేరేదానికి పనికిరాదని నీకు తెలీదా?"

"తెలుసమ్మా. జత చెడగొట్టుకుని వాడతారని ఎవరనుకుంటారు? మనమైతే అలా చేస్తామా?"

అక్క గుడ్డ పేలిక చేతిలోకి తీసుకుంది. ఆమె కూడా ఆ సంగతి అనుకోలేదు మరి. ఎక్కడో ఒక వంటింట్లో ఎవరో నాలుగు కత్తెరలు విప్పి, ఒకే తొట్టెలో వేసి కడిగి, చేతికి దొరికిన రెక్కల్ని చేతికి దొరికినట్టు బిగిస్తారని ఆమె చెవికి ఎలా తెలుస్తుంది? సరుకును పాడుచేసింది తనే. బాగున్నదాన్ని ఇంకా బాగుచేయబోయి పాడుచేసింది. వాళ్లు మనకు నేర్పేదేమిటని వెక్కిరించిన మనిషి, వాళ్లు నేర్పిందాన్ని రోజూ తన బల్ల దగ్గర చెరిపేస్తూ వచ్చింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"పెద్దబాబుకి చెప్పానమ్మా," అన్నాడు తాత, ఆమె మొహం చూసి కంగారుపడి.

"ఏం చెప్పావు?"

"ఇదే. నిన్న సాయంత్రం ఆయనా ఇక్కడే నిలబడి, ఇలాగే విప్పి, ఇలాగే మార్చి చూశారు. నన్ను పిలిచి ఇవే ప్రశ్నలు వేశారు. ఎవరితోనూ అనొద్దన్నారు. మీకు చెప్పొచ్చు గదాని..."

* * *

పెద్దతమ్ముడి గది అద్దాల గోడల్లోంచి షెడ్డంతా కనబడుతుంది. అక్క లోపలికి వెళ్లి తలుపు వేసింది. అతను తలెత్తి ఆమె చేతిలోని గుడ్డ పేలిక చూశాడు. ఏమీ అడగలేదు.

"నీకు తెలుసు," అంది అక్క.

"తెలుసు."

"తెలిసి పొద్దున అంత గొంతు చించుకున్నావా?"

"కూర్చో అక్కా."

"కూర్చోను. అక్క చెవిన పడకుండా వెళ్లిన సరుకు అదొక్కటేనన్నావు. నా పేరు చెప్పి వాడి నోరు మూయించావు. ఆ పెట్టెలో పనికొచ్చే సరుకు వాడిదొక్కటేరా!"

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం లేదు, అలసట ఉంది. "ఏజెంటుకి ఏమని చెప్పమంటావు? మా తనిఖీయే తప్పని చెప్పనా? తనిఖీ తప్పంటే ఇప్పటిదాకా పంపిన సరుకంతా తప్పేనంటాడు. రేపట్నించి ఆర్డరుండదు. ఈ షెడ్డు మూతపడుతుంది. చిన్న షెడ్డు తప్పంటే చిన్న షెడ్డుతో పోతుంది. ఏది నయమో నువ్వే చెప్పు."

"కుక్కను చంపడానికి ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. అంతేనా?"

"వాడికి దుకాణమిస్తున్నాను కదా."

"చేతులు తీసేసి గాజులు కొనిపెడతానన్నట్టుంది."

పెద్దతమ్ముడు అద్దంలోంచి షెడ్డువైపు చూశాడు. "ఎలాగూ మూయాల్సిందే అక్కా. ఇద్దరిలో ఒకర్ని మోస్తూ ఇంకొకరు పరిగెత్తలేరు. ఈ సంగతి జరక్కపోయినా వచ్చే ఏడు మూసేవాణ్ణి."

"అయితే వచ్చే ఏడు, నీ పేరు మీదే మూయి. వాడి తప్పని చెప్పి మూయకు."

అతను కుర్చీ ఆమెవైపు తిప్పాడు. నెమ్మదిగా, దాదాపు ప్రేమగా అన్నాడు.

"ఇది నీకోసం కూడా చేస్తున్నాను. నిజం బయటపడితే ముందు తీసేసేది ఏ బల్లనో తెలుసుగా? గేజీ ఉన్నచోట చెవి ఎందుకంటారు. ఆ బల్ల లేకపోతే పొద్దున్నే లేచి నువ్వెక్కడికి వెళ్తావు?"

అక్కకు తిట్టాలనిపించింది. నోరు తెరిచింది కూడా. కాని తిట్టు రాలేదు, భయం వచ్చింది. పెళ్లి వద్దనుకున్నప్పుడు కలగని భయం, తండ్రి పోయినప్పుడు కలగని భయం. ఎక్కడికి వెళుతుంది? వంటింట్లో ఇద్దరు మరదళ్లకు అడ్డంగానా? వరండాలో కుర్చీలోకా?

తమ్ముడు ఆమెను బాగానే చదివాడు. ఒక్క తల్లి పాలు తాగినవాళ్లకు దెబ్బ ఎక్కడ కొట్టాలో చెప్పనక్కర్లేదు.

"తిలాపాపం తలా పిడికెడు," అని గొణిగి అక్క బయటికి వచ్చేసింది. ఎవరి పిడికిలి ఎంతో ఆమె తేల్చుకోలేదు.

* * *

ఏజెంటు ఎండ తగ్గకముందే వచ్చాడు. మాటల పొదుపరి. కాఫీ వద్దన్నాడు, కుర్చీ వద్దన్నాడు. తనిఖీ బల్ల దగ్గర నిలబడి, "చెప్పండి," అన్నాడు.

పెద్దతమ్ముడు చెప్పాడు. చిన్న షెడ్డు, పాత యంత్రాలు, తొందర, తనిఖీ కాని సరుకు. ఒక్క ముక్క తడబడలేదు. చిన్నతమ్ముడు బల్లకు ఆ చివర చేతులు కట్టుకుని విన్నాడు. అతని వెనక చిన్నమరదలు నిలబడింది. షెడ్డులోకి ఆమె రావడం అదే మొదటిసారి.

"ఒక్క మాట," అన్నాడు చిన్నతమ్ముడు చివరికి. "అన్నయ్య చెప్పింది నేనొప్పుకోను. కాని అక్క చెప్తే ఒప్పుకుంటాను. కత్తెర విషయంలో మా అక్క ఎవర్నీ వెనకేసుకురాదు. నా సరుకు చెడ్డదని ఆవిడ అంటే, ఇక్కడే తాళంచెవి ఇచ్చేసి పోతాను."

అందరి కళ్లూ అక్కమీద పడ్డాయి. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పని.

చెప్పాలి. ఆమెకు తెలుసు. కాని నోటితో చెప్పకుండా చెప్పే దారి ఒకటి తోచింది. పిరికివాళ్లకు దారులు త్వరగా తోస్తాయి. నిన్న తను తలూపి పంపిన సరుకులోంచి రెండు కత్తెరలు తీసింది. నాలుగు రెక్కలూ విడదీసి, కలిపేసి, ఏజెంటు ముందుకు తోసింది.

"బిగించి కోసి చూడండి," అంది.

ఏజెంటు ఎలాగో ఒకలాగ బిగిస్తాడు, గుడ్డ తెగదు, నిజం దానంతటదే బయటపడుతుంది. పెద్దతమ్ముడు మొహంలో రక్తం ఇంకిపోవడం ఆమె చూసింది.

ఏజెంటు రెక్కల్ని ముట్టుకోలేదు. "నాకు చేతకాదు. మీవాళ్లే బిగించండి," అన్నాడు.

దగ్గరగా ఉన్నది చిన్నతమ్ముడే. అతను అలవాటుగా ఒక రెక్క అందుకున్నాడు. ఇంకోదాన్ని దానికి ఆనించి, బొటనవేలితో అంచు తడిమి, కాదని పక్కన పెట్టేశాడు. మరోదాన్ని తీశాడు.

వద్దురా, అనుకుంది అక్క. ఏదో ఒకటి బిగించరా. చేతికొచ్చింది బిగించరా.

కాని తండ్రి దగ్గర పని నేర్చినవాడు జత కాని రెక్కను ఎలా బిగిస్తాడు? ఆ వేళ్లకు అది చేతకాదు. చూపు బల్ల మీద కూడా లేదు, అక్కమీదే ఉంది. వేళ్లే వెతుక్కున్నాయి. మర బిగించి, గుడ్డ పట్టి, ఒక్కసారి మూశాడు.

గుడ్డ రెండు ముక్కలై కింద పడింది. చప్పుడు ఎంత బాగుందంటే, ఆ చప్పుడుకోసమే ఆమె ఇన్నేళ్లు బతికింది.

"ఈ సరుకు బాగానే ఉంది," అన్నాడు ఏజెంటు. "అయితే చెడింది ఆ షెడ్డుదే."

పెద్దతమ్ముడు బిగపట్టిన ఊపిరి వదిలాడు. చిన్నతమ్ముడికి తను చేసిందేమిటో అర్థం కాలేదు. గుడ్డ ముక్క ఎత్తి అక్కకు చూపించి, పసివాడిలా నవ్వాడు కూడా. "చూశావా అక్కా, నీ చేతిమీదుగా వెళ్లిన సరుకంటే అదీ!"

ఆ నవ్వుతో ఆమె మాటకోసం చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. నవ్వు మెల్లగా ఆరిపోయింది. అక్క మౌనాన్ని అతను జవాబు కిందే లెక్కవేసుకున్నాడు.

"అంటే నాదే తప్పన్నమాట," అన్నాడు. జేబులోంచి చిన్న షెడ్డు తాళంచెవి తీసి బల్ల మీద, కత్తెర పక్కన పెట్టాడు. వెనకాల చిన్నమరదలు ఏడవలేదు. అక్కను చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

పెద్దతమ్ముడు తాళంచెవికోసం చెయ్యి చాచాడు.

అది అతని వేళ్లకు అందేలోపల అక్క అరచెయ్యి దానిమీద పడింది.

"చెయ్యి తియ్యి అక్కా," అన్నాడతను, పళ్ల మధ్యనుంచి.

ఆమె తియ్యలేదు. తను ఇన్నేళ్లు కూర్చున్న బల్లను ఈ చివరనుంచి ఆ చివరకు ఒకసారి చూసుకుంది.

"ఏజెంటుగారూ, కాస్త ఆగండి," అంది. తర్వాత పెద్దతమ్ముడి కళ్లలోకి చూసింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"